మోటారు అడుగు ఎందుకు తప్పుతుంది?

త్రీడీ ప్రింటరు పనిచేస్తుండగా మీరు చూశారా? 2016లో మొదలైన అటల్ టింకరింగ్ ల్యాబు ఉన్న పాఠశాలల్లో చూడవచ్చు. కరిగిన ప్లాస్టిక్కును పొరమీద పొరగా పేర్చి వస్తువును తయారుచేస్తుంది. ఒక్కొక్కప్పుడు నాలుగు గంటలు చక్కగా సాగిన బొమ్మ, ఉన్నట్టుండి నడుము దగ్గర పక్కకు జరిగిపోతుంది. దోషం ఎక్కడున్నది?

ప్రింటరును కదిలించేది స్టెప్పర్ మోటారు. ఇది పంకాలా గిర్రున తిరగదు, అడుగులు వేస్తుంది. సాధారణంగా అడుగుకు 1.8 డిగ్రీలు, చుట్టుకు 200 అడుగులు. చాలా ప్రింటర్లలో ఆజ్ఞ ఇచ్చే బోర్డు, అడుగు నిజంగా పడిందో లేదో చూడదు. లెక్క పెట్టుకుంటూ పోతుంది, అంతే! తీగచుట్టలో విద్యుత్ప్రవాహం చాలకపోతే ఆయస్కాంత బలం తగ్గి అడుగులు తప్పుతాయి.

అయితే ప్రవాహం బాగా పెంచేద్దామా? ఆగండి. మోటారుమీద 1.5 ఆంపియర్లు అని ఉన్నది, చుట్ట నిరోధం 2 ఓమ్‌లు అనుకుందాం. 12 వోల్టులు నేరుగా ఇస్తే ఓమ్ నియమం ప్రకారం 6 ఆంపియర్లు! అందుకే మధ్యలో డ్రైవర్ అనే చిన్న పలక ఉంటుంది. ప్రవాహం హద్దు చేరగానే అది సరఫరాను తెంచి, మళ్ళీ కలుపుతుంది. సెకనుకు వేలసార్లు ఇదే పని.

హద్దు మనం పెట్టేదే. ఉష్ణం ప్రవాహ వర్గాన్ని అనుసరిస్తుంది కదా! 1.5 ఆంపియర్ల వద్ద చుట్టలో 4.5 వాట్లు. 70 శాతానికి, అంటే 1.05కు తగ్గిస్తే 2.2 వాట్లే. బలం మూడోవంతు కూడా తగ్గదు, వేడి సగమవుతుంది. మంచి బేరమే.

మన చండ్రుగొండ వారికి ఇది మరీ ముఖ్యం. గదికంటే 25 డిగ్రీలు వేడెక్కే మోటారు, 25 డిగ్రీల గదిలో 50కి చేరుతుంది. ఏప్రిల్‌లో మన రేకుల గది 40 డిగ్రీలుంటే 65! పి.ఎల్.ఎ. ప్లాస్టిక్కు 60 దగ్గరే మెత్తబడుతుంది. మోటారును పట్టి ఉంచే భాగం దానితో చేసినదైతే వంగిపోతుంది.

ఎ4988 డ్రైవర్‌లో చిన్న మర తిప్పి వోల్టేజి సరిచేస్తారు. కావలసిన ప్రవాహాన్ని 8తోను, పలకమీది చిన్న నిరోధం విలువతోను గుణించాలి. ఆర్100 అని ఉంటే అది 0.1 ఓమ్. 1.05 ఆంపియర్లకు 0.84 వోల్టు. పక్కవాడి అంకెను గుడ్డిగా ఎక్కించారో, మీ పలకమీద ఆర్050 ఉంటే ప్రవాహం 2.1 ఆంపియర్లు, వేడి నాలుగింతలు! ఆ డ్రైవర్ గరిష్ఠ పరిమితే 2 ఆంపియర్లు. చల్లబరిచే లోహపు రెక్కలు లేకపోతే 1 ఆంపియరు దాటనివ్వరాదు.

కరెంటు ఉండగా మాత్రం మోటారు తీగను ఊడదీయకండి. చుట్టలోని ప్రవాహం ఒక్కసారిగా తెగినప్పుడు పుట్టే వోల్టేజి పోటుకు డ్రైవర్ కాలిపోవచ్చు.