కులం లేని పిల్ల రాణి కాగలదా? రోల్ ప్లేయింగ్ గేముల్లో ప్రేమ, న్యాయం

2009లో వచ్చిన 'డ్రాగన్ ఏజ్: ఆరిజిన్స్' అనే వీడియో గేమ్ ఆడాలంటే ముందు పుట్టుక ఎంచుకోవాలి. మొత్తం ఆరు పుట్టుకలుంటాయి. అందులో ఒకటి, నేల కింద డ్వార్ఫులు కట్టుకున్న ఓర్జమర్ నగరంలో కులం లేని ఇంట్లో పుట్టడం. ఆ నగరంలో ప్రభువుల నుంచి సేవకుల దాకా అందరికీ కులాలున్నాయి. ఏ కులమూ లేనివాళ్లు డస్ట్ టౌన్ అనే వాడలో బతుకుతారు. పసితనంలోనే వాళ్ల ముఖం మీద ముద్ర వేస్తారు. యోధుల పోటీలో దిగితే అదే నేరం.

ఆ వాడలో పుట్టిన అమ్మాయిగా మీరు ఆట మొదలుపెట్టారనుకోండి. జైలు నుంచి బయటపడతారు, సైన్యాలను కూడగడతారు, దేశాన్ని కాపాడతారు. దారిలో మీతోపాటు పోరాడే అలిస్టర్ అనే యువకుడిని ప్రేమించవచ్చు. అతనూ మిమ్మల్ని ప్రేమిస్తాడు. మీ ముఖం మీది ముద్ర అతనికి అడ్డు కాదు. కానీ అతనిది రాజరక్తం. అతన్ని సింహాసనం ఎక్కిస్తే మీరు రాణి కాలేరు. అతను బంధం తెంచుకుంటాడు. అంతకుముందు అతని మనసు గట్టిపడేలా మీరు మాట్లాడి ఉంటే, ఒప్పించి ప్రేయసిగా మిగలవచ్చు. భార్య స్థానం మాత్రం దొరకదు.

అదే గేములో మనుషుల ప్రభువంశంలో పుట్టిన అమ్మాయిగా ఆడితే రాణి కావచ్చు. ఎల్ఫ్‌గా పుట్టినా, డ్వార్ఫ్‌గా పుట్టినా, మంత్రవిద్యతో పుట్టినా కుదరదు. చేసిన సాహసం ఒకటే, చంపిన శత్రువు ఒకటే. పుట్టుక ఎంచుకునేటప్పుడు ఈ సంగతి ఎవరూ చెప్పరు.

ఆటల్లోని ప్రేమల గురించి ఈ పేజీలో ఎందుకని కొందరు అడగొచ్చు. 1916లో కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివిన పరిశోధనా పత్రంలో అంబేడ్కర్ కులానికి అసలు లక్షణం సొంత కులంలోనే పెళ్లి అని తేల్చారు. ఇరవై ఏళ్ల తర్వాత 'కుల నిర్మూలన'లో దానికి అసలైన మందు కులాంతర వివాహమేనని చెప్పారు. ఎవరు ఎవరిని ప్రేమించవచ్చో, ఎవరిని పెళ్లాడవచ్చో ముందే రాసిపెట్టిన నియమం ఎక్కడ కనిపించినా అది మనకు సంబంధించిన విషయమే. మన హాస్టళ్లలో, ఇళ్లలో పిల్లలు ఈ ఆటలు గంటల తరబడి ఆడుతున్నారు. అందుకే ఈ నియమాలు ఎలా పనిచేస్తాయో విడమరిచి చెప్పాలనుకున్నాం.

షరతు కనిపించదు

రోల్ ప్లేయింగ్ గేముల్లో మనం తయారుచేసుకున్న పాత్రకు కొందరు సహచరులు తోడవుతారు. మనం చేసే పనులు, ఇచ్చే కానుకలు, చెప్పే జవాబులను బట్టి ఒక్కో సహచరుడికి మన మీద ఇష్టం పెరుగుతుంది, తగ్గుతుంది. గేమ్ దాన్ని అంకెల్లో లెక్క పెట్టుకుంటుంది. అంకె ఒక స్థాయి దాటితే ప్రేమ మాటలు తెరుచుకుంటాయి.

చాలా గేముల్లో ప్రోగ్రామ్ ఆ అంకెతోపాటు ఇంకో షరతు కూడా చూస్తుంది. ఆడుతున్న పాత్ర ఆడా, మగా? ఏ రేస్? అంటే మనిషా, ఎల్ఫా, డ్వార్ఫా? షరతు సరిపోకపోతే ప్రేమ మాటలు తెర మీదకే రాకపోవచ్చు. అప్పుడు ఎవరూ మిమ్మల్ని కాదనరు, తిట్టరు. అడిగే అవకాశమే ఉండదు. తలుపు ఉన్నట్టు కూడా తెలియని వివక్ష ఇది. ఇలాంటి వివక్ష మీద ఫిర్యాదు చేయడం ఎంత కష్టమో అద్దె ఇల్లు వెతుక్కున్న ప్రతి దళిత విద్యార్థికీ తెలుసు.

అందుకే ఒక గేములో ప్రేమలు న్యాయంగా ఉన్నాయా అని చూసేటప్పుడు మూడు ప్రశ్నలు వేయాలంటాం. తలుపు ఎవరికి తెరిచి ఉంది? లోపలికి వెళ్లాక కథ ఎంత ఉంది? ఆ ప్రేమ చివరికి ఏమవుతుంది?

తలుపు ఎవరికి?

2000లో బయోవేర్ సంస్థ 'బాల్డర్స్ గేట్ 2' తెచ్చింది. మగ పాత్రగా ఆడేవాళ్లకు ముగ్గురు స్త్రీలు, ఆడ పాత్రగా ఆడేవాళ్లకు ఒకే ఒక్క పురుషుడు. పైగా ఆడేవాళ్ల పాత్ర రేస్‌ను బట్టి కూడా కొన్ని ప్రేమలు మూసుకుపోయేవి. స్వలింగ ప్రేమ ఊసే లేదు. 'మాస్ ఎఫెక్ట్' వరసలో మగ నాయకుడు మరో మగవాడిని ప్రేమించడానికి 2012లో మూడో భాగం దాకా ఆగాల్సి వచ్చింది.

2014లో వచ్చిన 'డ్రాగన్ ఏజ్: ఇన్‌క్విజిషన్'లో కల్లెన్ అనే సేనాని ప్రేమ మనిషి, ఎల్ఫ్ స్త్రీలకే దక్కుతుంది. డ్వార్ఫ్, కునారి స్త్రీలకు దక్కదు. సోలస్ ప్రేమ ఎల్ఫ్ స్త్రీకి మాత్రమే. అదే గేములో హార్డింగ్ అనే డ్వార్ఫ్ యువతితో సరసంగా మాట్లాడవచ్చు గానీ పూర్తి ప్రేమకథ లేదు. పదేళ్ల తర్వాత, 2024లో వచ్చిన 'వీల్‌గార్డ్'లో ఆమెకు ఆ కథ దక్కింది. అందులో ఏడుగురు సహచరులనూ ఏ జెండర్, ఏ రేస్ పాత్రతోనైనా ప్రేమించవచ్చు. 2016లో ఎరిక్ బరోన్ ఒక్కడే తయారుచేసిన 'స్టార్‌డ్యూ వ్యాలీ'లో, 2023లో బెల్జియానికి చెందిన లేరియన్ స్టూడియోస్ తెచ్చిన 'బాల్డర్స్ గేట్ 3'లో కూడా ఆడేవాళ్ల జెండర్ చూసి తలుపు వేయరు. ఒక్క మనిషి చేసిన ఆటకు సాధ్యమైనది పెద్ద కంపెనీలకు సాధ్యం కాదంటే నమ్మలేం.

లోపల ఎంత కథ?

తలుపు తెరిచినంత మాత్రాన సమానత్వం వచ్చినట్టు కాదు. 2010లో వచ్చిన 'మాస్ ఎఫెక్ట్ 2'లో జేకబ్ టేలర్ అనే నల్లజాతి సైనికుడిని మహిళా నాయకురాలు ప్రేమించవచ్చు. మూడో భాగానికి వచ్చేసరికి అతను మరో స్త్రీతో కలిసి బిడ్డకు తండ్రి కాబోతుంటాడు. మీరు అతని కోసం ఎదురు చూసినా లాభం లేదు. రెండో భాగంలో ప్రేమించగలిగిన మిగతా సహచరుల్లో ఇంకొకరి కోసం మిమ్మల్ని వదిలి వెళ్లేవాళ్లు లేరు. నల్లజాతి పురుషుడికే ఆ కథ ఎందుకు రాశారని ఆటగాళ్లు చాలాకాలంగా అడుగుతున్నారు.

'ఇన్‌క్విజిషన్'లో వివియెన్ అనే నల్లజాతి మంత్రగత్తె తెలివి, దర్పం, అధికారం ఉన్న పాత్ర. ఆమెను ప్రేమించే దారి ఎవరికీ లేదు. ఆమెకు అప్పటికే ప్రియుడున్నాడని కథ చెబుతుంది. ఆ కారణం కథకు సరిపోతుంది. కానీ ఆ కారణాన్ని ఏ పాత్రకు అంటగట్టాలో ఎంచుకున్నది రచయితలు. 'బాల్డర్స్ గేట్ 3'లో విల్ విషయమూ ఇంతే. ప్రధాన సహచరుల్లో నల్లజాతివాడు అతను. అతని ప్రేమకు అందరూ అర్హులే. కానీ అస్టారియన్, షాడోహార్ట్ వంటి వాళ్లతో పోలిస్తే అతనికి రాసిన సన్నివేశాలు, మాటలు తక్కువని ఆటగాళ్ల నుంచి పెద్ద ఎత్తున విమర్శ వచ్చింది. విందులో కుర్చీ వేసి, విస్తరిలో సగమే వడ్డించినట్టు ఇది.

చివరికి ఏమవుతుంది?

ఇప్పుడు ఓర్జమర్‌కు తిరిగి వద్దాం. అక్కడ కొడుకుకు తండ్రి కులం, కూతురుకు తల్లి కులం వస్తుంది. కులం లేని స్త్రీ ప్రభువుకు కొడుకును కంటే ఆ పిల్లవాడు ప్రభువవుతాడు, తల్లినీ ఆమె వాళ్లనూ ఆ ఇంట్లోకి తీసుకుంటారు. కూతురు పుడితే మళ్లీ డస్ట్ టౌనే. అందుకే అక్కడ ఆడపిల్లలను ప్రభువులను ఆకర్షించేందుకు తయారుచేస్తారు. మీరు కులం లేని ఇంట్లో పుట్టినట్టు ఆడితే మీ అక్క రికా చేసేదీ అదే. ఆమె రాకుమారుడు బెలెన్‌కు ఉంపుడుగత్తె అవుతుంది, కొడుకును కంటుంది.

ఈ భాగాన్ని రాసినవాళ్లు కులం ఎలా పనిచేస్తుందో బాగా పట్టుకున్నారని ఒప్పుకోవాలి. కులం స్త్రీ గర్భం చుట్టూ కాపలా కాస్తుందని, పైకులం పురుషుడికి కింది స్త్రీ శరీరం కావాలి గానీ పెళ్లి అక్కర్లేదని ఆ కథ చూపిస్తుంది. దళిత స్త్రీలను జోగినులుగా మార్చి ఊరి పెద్దలకు అప్పగించిన నేల మనది. దాన్ని ఆపడానికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1988లో చట్టం చేయాల్సి వచ్చింది. ప్రేయసిగా ఉండు, భార్యగా వద్దు అన్న మాట మనకు కొత్త కాదు.

తేడా ఎక్కడుందంటే, రికా కథలో అన్యాయాన్ని అన్యాయంగానే చూపించారు. బెలెన్‌ను రాజును చేస్తే కులం లేనివాళ్ల మీద ఆంక్షలు సడలుతాయి కూడా. అలిస్టర్ విషయంలో మాత్రం పుట్టుక అడ్డును రాజ్య ధర్మంగా వదిలేశారు. ఆ నియమంతో పోరాడే దారి ఆటగాళ్లకు ఇవ్వలేదు. దేశాన్ని కాపాడిన మనిషి ప్రభువుల సభలో నిలబడి, "నేనెందుకు రాణిని కాకూడదు?" అని అడిగి గెలిచే మార్గమే రాయలేదు.

అందరికీ తెరిస్తే చాలా?

ఇప్పుడు గేముల లోకంలో ఒక వాదన నడుస్తోంది. అన్ని పాత్రలనూ అందరికీ తెరిచి ఉంచితే న్యాయమని కొందరంటారు. అలా చేస్తే పాత్రలకు సొంత వ్యక్తిత్వం పోతుందని ఇంకొందరంటారు. రెండోవాళ్లు తరచూ 'ఇన్‌క్విజిషన్'లోని డోరియన్‌ను చూపిస్తారు. అతను పురుషులనే ప్రేమిస్తాడు. ఆ స్వభావాన్ని మార్చాలని కన్నతండ్రే రక్తమంత్రం ప్రయోగించబోయాడు. డోరియన్‌ను అందరికీ తెరిస్తే ఈ కథకు అర్థం ఉండదు.

డోరియన్ విషయంలో వాళ్ల మాట నిజమే. కానీ డోరియన్ స్త్రీని ప్రేమించకపోవడమూ, కల్లెన్ ప్రేమ డ్వార్ఫ్ స్త్రీకి దక్కకపోవడమూ ఒకటి కావు. మొదటిది మనిషి లోపలి నుంచి వచ్చింది, దాని కోసం అతను నష్టపోయాడు. రెండోది అవతలి మనిషి పుట్టుకను చూసి వేసిన గీత. దీన్ని "ఎవరి ఇష్టం వాళ్లది" అని కొట్టిపారేయలేం. మన పత్రికల పెళ్లి ప్రకటనల్లో "కులం పట్టింపు లేదు, ఎస్సీ, ఎస్టీలు మినహా" అని రాసేవాళ్లు కూడా దాన్ని ఇష్టం అనే అంటారు.

అలాగని తలుపులన్నీ తెరిచి, వివక్షే లేనట్టు నటించడమూ పరిష్కారం కాదు. మన అనుభవమే సాక్ష్యం. 1954 నుంచి ప్రత్యేక వివాహ చట్టం ఉంది. కులం, మతం చూడకుండా ఎవరైనా ఎవరినైనా పెళ్లాడవచ్చు. కానీ 30 రోజుల ముందు నోటీసు ఇచ్చి, దాన్ని అందరికీ కనిపించేలా పెట్టాలి. వెంటాడేవాళ్లకు అదే సమాచారం. 2011-12 నాటి భారత మానవాభివృద్ధి సర్వేలో కులాంతర వివాహాలు సుమారు 5 శాతమే. 2018 సెప్టెంబర్ 14న మిర్యాలగూడలో ప్రణయ్‌ను చంపినప్పుడు అతని పెళ్లిని ఏ చట్టమూ నిషేధించలేదు. 2025 మార్చిలో నల్గొండ కోర్టు ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి జీవిత ఖైదు వేసింది. చట్టంలో తలుపు తెరిచే ఉంది. దాటినవాళ్లను బయట ఏం చేస్తారన్నదే మన ప్రశ్న.

అందుకే మేం కోరేది కులం కనిపించని ఆటలు కాదు. అడ్డు ఉంటే అది కథలో కనిపించాలి. అన్యాయమని తెలియాలి. దాన్ని ఎదిరించే దారి, గెలిచే అవకాశం ఆటగాళ్లకు ఉండాలి. ఎవరికీ తెలియకుండా ప్రోగ్రామ్ లోపల దాక్కున్న షరతుగా మాత్రం ఉండకూడదు.

నియమాలు మారతాయి

ఈ నియమాలు దేవుడు రాసినవి కావు. 2017లో 'మాస్ ఎఫెక్ట్: ఆండ్రోమెడా'లో స్వలింగ సంపర్కులైన పురుషులకు అవకాశాలు తక్కువని ఆటగాళ్లు నిలదీశారు. విడుదలైన కొన్ని నెలలకే, జాల్ అనే పాత్రను మగ పాత్ర కూడా ప్రేమించేలా మార్చారు. 2019 జనవరిలో 'అసాసిన్స్ క్రీడ్ ఒడిస్సీ' అదనపు భాగంలో, ఆటగాళ్లు ఎలాంటి ప్రేమను ఎంచుకున్నా స్త్రీపురుష బంధంతో బిడ్డను కనాల్సిందేనని కథ రాశారు. విమర్శలు రావడంతో క్షమాపణ చెప్పి ఆ భాగాన్ని సవరించారు. 'డంజియన్స్ అండ్ డ్రాగన్స్' ప్రచురణకర్తలు 2024 నాటి కొత్త నియమ పుస్తకంలో 'రేస్' అన్న మాటనే తీసేశారు. అడిగితేనే ఇవన్నీ మారాయి.

ఈ ఆటల పరిశ్రమ మనకు దూరంగా లేదు. బయోవేర్ యజమాని ఎలక్ట్రానిక్ ఆర్ట్స్‌కు హైదరాబాద్‌లో స్టూడియో ఉంది. మన ఇంజనీరింగ్ కాలేజీల నుంచి పిల్లలు గేమ్ డిజైన్ వైపు వెళ్తున్నారు. వాళ్లలో దళిత, ఆదివాసీ, బహుజన పిల్లలు ఉండాలి. కోడ్ రాసేచోటే కాదు, కథ రాసే గదిలో కూడా ఉండాలి. షరతు ఎవరు రాస్తారన్న దాని మీదే తలుపు ఎవరికి తెరుచుకుంటుందో ఆధారపడి ఉంటుంది.

ఆడేవాళ్లకు మా సూచన ఒక్కటే. ఈసారి కొత్త గేమ్ మొదలుపెట్టినప్పుడు అందులో అందరికంటే కింద ఉన్న పుట్టుకను ఎంచుకుని ఆడండి. ఏ మాటలు తెర మీదకు రాలేదో, ఏ ప్రేమ ఎక్కడ ఆగిందో రాసిపెట్టుకోండి. ఆ చిట్టాను గేమ్ చేసినవాళ్లకు పంపండి. డస్ట్ టౌన్ పిల్ల రాణి కాకూడదని ఎవరు నిర్ణయించారో వాళ్లనే అడుగుదాం.