చిన్నపిల్లలతో నెల్లూరు తీరానికి వెళ్తే ఏం తినాలి?

నెల్లూరు వెళ్తున్నామంటే చాలు, "చేపల పులుసు తినకుండా రాకండి" అంటారు ఎవరైనా. చిన్నపిల్లలున్న ఇంట్లో మాత్రం ఆ మాట వెంటే సందేహాలూ బయల్దేరతాయి. ముళ్లుంటాయి, కారం మండుతుంది, పిల్లలు ముట్టరు. చివరికి పెద్దలు పులుసన్నం తింటుంటే పిల్లల చేతికి చిప్స్ పొట్లమో, బిస్కెట్లో వస్తాయి. నిజానికి మైపాడు నుంచి పులికాట్ దాకా ఈ తీరంలో దొరికే తిండిలో మూడేళ్ల పిల్లలు కూడా ఇష్టంగా తినేవి బోలెడు. ఏ చేప అడగాలో, ఏ నెలలో వెళ్లాలో, వంటవాళ్లతో ముందే ఏం చెప్పుకోవాలో తెలియాలి, అంతే.

ముందు పులుసు సంగతి. చింతపండు పులుపుతో పాటు పుల్లమామిడి ముక్కలు పడటం నెల్లూరు పద్ధతి. మట్టిచట్టిలో పులుసు బాగా మరిగాక చేప ముక్కలు వేస్తారు. ఇక అక్కడి నుంచి గరిటె పెట్టరు. పెడితే ముక్క చిదిగిపోతుంది కనుక, చట్టి అంచుల్ని గుడ్డతో పట్టుకుని మెల్లగా తిప్పుతారు. పులుపూ కారమూ ముక్కలోకి దిగడానికి ఒక పూటైనా పట్టాలి. అందుకే రాత్రి వండిన పులుసు మర్నాడు తింటేనే రుచి అంటారు. అంతగా పట్టిన కారాన్ని ఆ తర్వాత కడిగి తీయడం ఎవరి వల్లా కాదు. పిల్లల వాటాను చట్టిలో పడకముందే పక్కకు తీయించాలి. ఉప్పూ పసుపూ మాత్రం రాసి, పెనం మీద విడిగా వేయించి ఇమ్మని ఆర్డరిచ్చేటప్పుడే చెప్పాలి. ముక్కలకు ముందే మసాలా పట్టించి ఉంచే హోటల్లో ఇది కుదరదు. అప్పటికప్పుడు కోసి వండేచోట వీలవుతుంది.

ఇక ముళ్లు. పిల్లలకు వంజరాన్ని మించిన చేప లేదు. అడ్డంగా కోసిన వంజరం ముక్కను పళ్లెంలో పెట్టుకుని చూస్తే నడిమధ్యన గుండ్రటి వెన్నుముల్లు, దాని చుట్టూ నాలుగు పాయలుగా కండ కనిపిస్తాయి. వేలితో నొక్కితే ఆ పాయలు వాటంతటవే విడివడతాయి. వీపు వైపు పాయలు తీసి, ఒకసారి వేళ్ల మధ్య నలిపి చూసి, నెయ్యన్నంలో కలిపి పెట్టొచ్చు. పొట్ట వైపు పక్కముళ్లుంటాయి, అది పెద్దలకు. చందువ, పండుగప్ప, కొరమీను కూడా ముళ్లు తేలిగ్గా తీయగలిగినవే. చెరువుల్లో పెరిగే బొచ్చె, శీలావతి అలా కాదు. వాటి కండలో పంగలకర్రలా చీలిన సన్నటి ముళ్లు దాగి ఉంటాయి. హోటల్లో చేపల పులుసు అనగానే సరిపోదు, అది ఏ చేపో అడగాలి. ఒకవేళ గొంతులో ముల్లు గుచ్చుకుంటే అన్నం ముద్ద మింగించే పాత చిట్కా జోలికి పోకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. ముద్దతో పాటు ముల్లు ఇంకా లోపలికి దిగే ప్రమాదం ఉంది.

ఏ నెలలో వెళ్తున్నారన్నది కూడా పళ్లెంలోకి వచ్చే చేపను మారుస్తుంది. చేపలు గుడ్లు పెట్టే కాలమని తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. పిల్లల వేసవి సెలవులు దాదాపు ఈ రోజుల్లోనే. మే నెలలో బీచ్ పక్కన కూర్చుని తింటున్నాం కదా అని పళ్లెంలోది పొద్దున్నే ఒడ్డుకొచ్చిన వంజరమే అనుకోవడానికి లేదు. తెడ్డు పడవల వాళ్లు తెచ్చే కొద్దిపాటి చేప పోగా, ఐసులో పెట్టి దూరం నుంచి తెచ్చింది కూడా కావచ్చు. ఆ రోజుల్లో కొరమీను అడగడం మేలు. చెరువు చేపకు నిషేధం లేదు. పైగా పుల్లమామిడి దొరికే కాలం కూడా అదే.

రొయ్యకు సీజన్‌తో పెద్దగా పనిలేదు. 2009లో మన దేశంలోకి వనామి రకం వచ్చాక ఈ జిల్లా తీరమంతా రొయ్యల చెరువులే. ముళ్ల బాధ లేదు కాబట్టి పిల్లలకు రొయ్య తేలికనిపిస్తుంది. అయితే కొందరికి రొయ్యా పీతా పడవు. ఒళ్లు దద్దురులెక్కడం, పెదాలు వాయడం వంటివి ఊరుగాని ఊళ్లో వస్తే కంగారు. తొలిసారి రొయ్య రుచి చూపించడం ఏదో ప్రయాణానికి ముందే ఇంట్లో జరిగిపోవాలి. పులికాట్ మండపీతలు తినాలనుకుంటే పెద్దలు డెక్క పగలగొట్టి, లోపలి తెల్లటి కండ తీసిపెట్టాలి. పెంకు ముక్కలు పంటి కింద పడకుండా చూసుకోవాలి.

చేప ముట్టని పిల్లలకూ నెల్లూరులో లోటు లేదు. పొద్దున కారం దోసె ఇక్కడి పేరున్న టిఫిను. దాని మీద పూసే ఎర్రకారం వద్దని, నెయ్యీ పప్పులపొడీ చాలని చెబితే అదే పిల్లల దోసె. మొలగొలుకుల బియ్యానికి పేరుపడ్డ ఊళ్లో మధ్యాహ్నం అన్నం గురించి చెప్పేదేముంది! ముద్దపప్పు, నెయ్యి, అప్పడం, గడ్డపెరుగుతో పిల్లల భోజనం పూర్తవుతుంది. చివర్లో మలై కాజా ఒకటి ఇద్దరికి పంచితే సరి. బాగా తీపి, తొందరగా పాడయ్యే పాల మిఠాయి కాబట్టి ఎండలో కారులో పెట్టి తిప్పకూడదు.

పిల్లల పళ్లెం గురించి ప్రత్యేకంగా ఆలోచించిన దేశం జపాన్. 1930లో టోక్యోలోని మిత్సుకోషి డిపార్ట్‌మెంట్ స్టోర్ భోజనశాల పిల్లల కోసమే కొంచెం కొంచెంగా నాలుగైదు వంటకాలు, అన్నం ముద్ద మీద చిన్న జెండాతో ఒక పళ్లెం సిద్ధం చేసింది. 'ఒకోసామా లంచ్' పేరుతో అది దేశమంతా పాకింది. ఆ వంటకాలు ఎక్కువగా పాశ్చాత్య రుచులు. నెల్లూరు మెస్సుకు అంత హంగు అక్కర్లేదు. ఉన్న భోజనంలోంచే కారం లేనివి ఏరి, వేయించిన వంజరం ముక్క ఒకటి చేర్చి, చిన్న పళ్లెంగా, సగం ధరకు ఇస్తే పిల్లలతో వచ్చేవాళ్లు దాన్ని వదలరు.

తిండితో పాటు తిరగడానికి చోట్లూ ఉన్నాయి. నెల్లూరుకు సుమారు 25 కిలోమీటర్ల దూరంలో మైపాడు బీచ్. పొద్దున్నే వెళ్తే ఎండ బాధ తక్కువ. అలల జోరు మాత్రం ఎక్కువే, చిన్నపిల్లల చెయ్యి వదలకూడదు. చెన్నై వైపు వెళ్తే దొరవారిసత్రం దగ్గర నేలపట్టు పక్షుల కేంద్రం, సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట దారికి రెండు పక్కలా పులికాట్ సరస్సు. 2022 జిల్లాల విభజనలో ఈ ప్రాంతం తిరుపతి జిల్లాలో చేరినా, జనం నోట ఇప్పటికీ నెల్లూరు తీరమే. చలికాలంలో నేలపట్టులో గూడబాతులు, పులికాట్‌లో ఫ్లెమింగోలు కనువిందు చేస్తాయి. 2025లో ఫ్లెమింగో పండుగ జనవరి 18 నుంచి 20 వరకు జరిగింది.

పిల్లలతో వెళ్లడానికి సంక్రాంతి సెలవులే సరైన అదను. ఎండ ఉండదు, పక్షులుంటాయి, వేట నిషేధం ఉండదు కాబట్టి సముద్రపు చేప తాజాగా దొరుకుతుంది. హైదరాబాద్ నుంచి వచ్చేవారికి సికింద్రాబాద్-తిరుపతి వందేభారత్ నెల్లూరులో ఆగుతుంది. సంక్రాంతికి రైళ్ల రద్దీ తెలిసిందే కాబట్టి టికెట్లు మాత్రం ముందుగానే తీసుకోండి.