టెండర్ దక్కింది ఇంజినీరు బావమరిదికే అయితే? నిబంధనలు ఏం చెబుతున్నాయి

మీ వార్డులో డ్రైనేజీ పనికి టెండర్ పిలిచారనుకుందాం. ముగ్గురు బిడ్ వేశారు. అందరికంటే తక్కువకు కోట్ చేసిన వారికి, అంటే ఎల్-1కు, పని దక్కింది. ఆ కాంట్రాక్టరు బిడ్లు పరిశీలించిన ఇంజినీరుకు స్వయానా బావమరిది అని తర్వాత బయటపడింది. ఇది తప్పేనా?

చుట్టరికం ఉండటం తప్పు కాదు. ఆ సంగతి దాచి అదే ఫైలు మీద సంతకం పెట్టడం తప్పు. కాన్‌ఫ్లిక్ట్ ఆఫ్ ఇంట్రెస్ట్ అని మనం తరచూ వినే ప్రయోజనాల వైరుధ్యం ఇదే.

కేంద్ర ప్రభుత్వ కొనుగోళ్లు 2017 నాటి జనరల్ ఫైనాన్షియల్ రూల్స్ ప్రకారం జరుగుతాయి. అందులోని 175వ నిబంధన అధికారికీ, బిడ్డర్‌కీ కలిపి ఒకే ప్రవర్తనా నియమావళి పెట్టింది. లంచం, కుమ్మక్కు, తప్పుడు డిక్లరేషన్ నిషేధం. నిర్ణయంపై ప్రభావం చూపే వ్యాపార లావాదేవీలు ఇద్దరి మధ్యా ఉండకూడదు. వైరుధ్యం ఉంటే వెల్లడించాలి. నియమావళిని ఉల్లంఘించిన బిడ్డర్‌ను రెండేళ్ల వరకు టెండర్లకు దూరం పెట్టొచ్చు. అయితే ఈ రూల్స్ మీ మున్సిపాలిటీకి నేరుగా వర్తించవు. అక్కడ రాష్ట్రం సొంత నిబంధనలు, జీవోలే ఆధారం.

బంధుత్వాన్ని ఎవరో ఒకరు పసిగడతారు. అంత తేలిగ్గా దొరకనిది షరతులు రాసే దశలో జరిగేది. ప్రాజెక్టుకు డీపీఆర్ తయారుచేసిన కన్సల్టెన్సీయే, లేదా దాని అనుబంధ కంపెనీయే, పనికి కూడా బిడ్ వేసిందనుకోండి. పైపు మందం నుంచి పాత అనుభవం దాకా అన్నీ తన కొలతలకే రాసుకోవచ్చు. కాగితం మీద పోటీ ఉంటుంది, నెగ్గేది మాత్రం ముందే తేలిపోతుంది. అందుకే ఇలాంటి సంస్థలను పక్కన పెడుతున్నట్టు చాలా టెండర్ పత్రాల్లో ముందే రాస్తారు. తయారీ కంపెనీ, దాని ఏజెంటు ఒకే టెండర్‌లో విడివిడిగా బిడ్ వేయకూడదని కేంద్ర విజిలెన్స్ కమిషన్ కూడా చెప్పింది. పేర్లు రెండున్నా జేబు ఒకటే కదా!

ఇంతకీ దీనికి చట్టం లేదా?

దేశమంతటికీ ఒకే చట్టం లేదు. 2012లో పబ్లిక్ ప్రొక్యూర్‌మెంట్ బిల్లును లోక్‌సభలో పెట్టారు, 2014లో సభ గడువుతో పాటే అదీ మురిగిపోయింది. తమిళనాడు 1998లోనే, కర్ణాటక 1999లో సొంత చట్టాలు తెచ్చుకున్నాయి. ఆంధ్రప్రదేశ్ 2019లో రూ.100 కోట్లు, ఆపైన విలువైన మౌలిక వసతుల టెండర్లను ముందుగా న్యాయమూర్తి పరిశీలించేలా చట్టం చేసింది. ప్రభుత్వం మారాక అది రద్దయింది. ప్రభుత్వంతో పాటు మారిపోయే కాపలా మీద ఎంత నమ్మకం పెట్టుకోవాలన్నది ఎవరికైనా వచ్చే సందేహమే.

కోర్టుకు వెళ్తే? రాజ్యాంగంలోని 14వ అధికరణం ప్రకారం ప్రభుత్వం తనకు నచ్చినవారికి కాంట్రాక్టు ఇచ్చేయకూడదని సుప్రీంకోర్టు 1979లో రమణ దయారాం శెట్టి కేసులో తేల్చింది. కానీ 1994 నాటి టాటా సెల్యులార్ తీర్పు ప్రకారం కోర్టు చూసేది నిర్ణయానికి వచ్చిన తీరునే. ఎవరి బిడ్ మెరుగైనదో కోర్టు కూర్చుని లెక్క కట్టదు. కాబట్టి మీ దగ్గర ఉండాల్సింది ‘ఆ రేటు ఎక్కువ’ అనే వాదన కాదు, ప్రక్రియలో ఏం తప్పిందో చూపే కాగితం.

ఆ కాగితం కోసం ముందు ఈ-ప్రొక్యూర్‌మెంట్ పోర్టల్ చూడండి. కేంద్ర శాఖల టెండర్లయితే సెంట్రల్ పబ్లిక్ ప్రొక్యూర్‌మెంట్ పోర్టల్‌లో ఉంటాయి. మిగతాది సమాచార హక్కు దరఖాస్తుతో అడగాలి. బిడ్ల తులనాత్మక పట్టిక, టెండర్ కమిటీ మినిట్స్, కమిటీ సభ్యులు తమకు వైరుధ్యం లేదని ఏదైనా డిక్లరేషన్ ఇచ్చి ఉంటే దాని కాపీ కావాలని విడివిడిగా రాయండి.

వ్యాపార రహస్యమంటూ 8(1)(డి) సెక్షన్ చూపించి తిప్పి పంపే అవకాశం ఉంది. విస్తృత ప్రజా ప్రయోజనం ఉంటే సమాచారం ఇవ్వొచ్చని అదే సెక్షన్‌లో ఉంది. ఆ మాట దరఖాస్తులోనే ప్రస్తావించండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, నిరాకరించినా మరో 30 రోజుల్లోపు అదే కార్యాలయంలోని అప్పిలేట్ అధికారికి మొదటి అప్పీలు చేసుకోవచ్చు.