వెబ్ అప్లికేషన్ కంట్రోలర్లు: చర్యకు ముందు రికార్డు సేకరణ – ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతం

ప్రోగ్రామును మోడల్, వ్యూ, కంట్రోలర్ అనే భాగాలుగా విభజించే పద్ధతిని 1979లో ట్రిగ్వే రీన్స్‌కాగ్ రూపొందించారు. 2004లో డేవిడ్ హైనమయర్ హాన్సన్ విడుదల చేసిన రూబీ ఆన్ రైల్స్ వెబ్ రంగంలో ఈ పద్ధతికి విశేష ప్రాచుర్యం కల్పించింది. వినియోగదారుని అభ్యర్థనను స్వీకరించి తగిన చర్యను నడిపించేది కంట్రోలర్. చర్యకు ముందే రికార్డును తెచ్చి ఉంచే ఏర్పాటును, అందులోని భద్రతాంశాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. ఏర్పాటు స్వరూపం

విద్యార్థుల ఉపకారవేతన దరఖాస్తులను నిర్వహించే అప్లికేషన్‌ను ఉదాహరణగా తీసుకోవచ్చు. దరఖాస్తును చూపడం, సవరణ పుటను తెరవడం, మార్పులను భద్రపరచడం, తొలగించడం అనే నాలుగు చర్యలకూ ముందుగా ఆ దరఖాస్తు రికార్డు కావాలి. కొత్త దరఖాస్తుకు ఆ అవసరం లేదు. ఒకే వాక్యాన్ని నాలుగుచోట్ల రాయడానికి బదులు, చిరునామాలోని సంఖ్యను బట్టి రికార్డును వెదికే పనిని ఒక ప్రైవేట్ మెథడ్‌గా రాసి, 'బిఫోర్ యాక్షన్' ప్రకటనలో ఆ నాలుగు చర్యలను పేర్కొంటారు. దొరికిన రికార్డు ఇన్‌స్టన్స్ వేరియబుల్‌లో నిలిచి చర్యకూ, వ్యూకూ అందుతుంది. దొరకకపోతే చర్య ఆరంభమే కాదు. సాధారణంగా 404 సమాధానం వెళుతుంది. 2013లో వెలువడిన రైల్స్ 4కు పూర్వం ఈ ప్రకటనను 'బిఫోర్ ఫిల్టర్' అనేవారు.

3. క్రమం

ప్రకటనలు రాసిన వరుసలోనే నడుస్తాయి. వాటిలో ఒకటి వినియోగదారుని వేరొక పుటకు మళ్ళిస్తే, దాని తరువాతివీ, అసలు చర్యా నడవవు. కనుక లాగిన్ తనిఖీ ముందు, రికార్డు సేకరణ తరువాత ఉండాలి.

4. ఎవరి రికార్డు?

వచ్చినవారెవరో లాగిన్ తనిఖీ తేలుస్తుంది. అడిగిన దరఖాస్తు వారిదేనా అన్నది తేల్చదు. మెథడ్ మొత్తం పట్టికలో వెదికితే, 41వ దరఖాస్తు గల విద్యార్థి చిరునామాలో 42 అని మార్చినంత మాత్రాన మరొకరి ఆదాయ వివరాలు, బ్యాంకు ఖాతా సంఖ్య కనబడతాయి. వాటిని మార్చే వీలూ కలుగుతుంది. వెదుకులాటను లాగిన్ అయిన విద్యార్థికి చెందిన దరఖాస్తులకే పరిమితం చేస్తే, పరుల సంఖ్యకు 404 మాత్రమే వస్తుంది. ఓవాస్ప్ సంస్థ 2021లో ప్రకటించిన పది ప్రధాన భద్రతా ముప్పుల జాబితాలో ఇటువంటి ప్రవేశ నియంత్రణ లోపాలకే ప్రథమ స్థానం దక్కింది.

5. ముగింపు

చర్యకు ముందు రికార్డు సేకరణను పునరుక్తిని తొలగించే సౌకర్యంగానే పరిగణించడం చాలదు. ఏ రికార్డు ఎవరికి అందాలో నిర్ణయించవలసిన స్థానం కూడా అదే. వెదుకులాట ఎక్కడ మొదలవుతుందన్న ఒక్క వాక్యంపైనే వినియోగదారుల గోప్యత ఆధారపడి ఉంటుంది.