అక్షరము రానివారికి సాంకేతిక శిక్షణ

చదువను రానివారు యంత్రవిద్యలు నేర్వజాలరని చాలమంది తలంతురు. కాని మన వడ్రంగులు, కమ్మరులు, నేతగాండ్రు తరతరములుగా పుస్తకము పట్టకయే తమ విద్యలు నేర్చుకొనిరి. నేటి శిక్షణాలయములలో నన్ననో దరఖాస్తు మొదలు తుదిపరీక్ష వరకు చాలవరకు వ్రాతమీదనే నడచును. 2011 జనాభా లెక్కల ప్రకారము మన దేశమున ఏడేండ్లు, అంతకు పైబడినవారిలో అక్షరాస్యులు నూటికి 73 మందియే. తక్కినవారికి శిక్షణ ఇచ్చుట ఎట్లు?

రాజస్థానమున, అజ్మీరు జిల్లాలోని తిలోనియా గ్రామములో 1972లో బంకర్ రాయ్ స్థాపించిన సంస్థ ‘బేర్‌ఫుట్ కాలేజి’ అను పేర ప్రసిద్ధికెక్కినది. చదువురాని గ్రామీణ స్త్రీలకు, ఆఫ్రికా దేశములనుండి వచ్చిన అవ్వలకు సైతము, సౌరదీపముల పరికరములను అమర్చుట, బాగుచేయుట అక్కడ ఆరు నెలలలో నేర్పిరి. గురుశిష్యులకు ఉమ్మడి భాషయైన లేదు. రంగుల గుర్తులు, సైగలు, చేసి చూపుట, మరల మరల చేయించుట—ఇవియే బోధనసాధనములు.

రంగులతో ఇది ఎట్లు సాధ్యము? విద్యుద్వలయములలో వాడు రెసిస్టరును చూడుడు. దాని విలువను రంగుపట్టీలు తెలుపును. నలుపునకు 0, గోధుమరంగునకు 1, ఎరుపునకు 2. మొదటి రెండు పట్టీలు అంకెలు. మూడవది వాని ప్రక్కన చేర్చవలసిన సున్నల లెక్క. గోధుమ, నలుపు, ఎరుపు వరుసగా నున్నచో 1,000 ఓములు. లెక్క తెలియకున్నను, రంగుల వరుసను నమూనాతో పోల్చి సరియైన రెసిస్టరును సరియైన చోట అతుకవచ్చును.

దీనికి మనశ్శాస్త్రమున ఆధారమున్నది. మనస్సు ఒకేసారి కొద్ది అంశములనే నిలుపుకొనగలదు. కూడబలుకుకొని చదువువారి శ్రద్ధ చాలవరకు అక్షరములకే ఖర్చగును. వాక్యము ముగియునప్పటికి మొదలు మరపునకు వచ్చును. ఆ భారము తొలగినచో శ్రద్ధ పనిమీద నిలుచును.

ఇందుచేత అక్షరము అనవసరమని కాదు. కూలి లెక్క, బ్యాంకు కాగితము, మందుసీసాపై చీటి చదువలేనివారు పరులపై ఆధారపడవలసి వచ్చును. అక్షరము నేర్పవలసినదే, అది వచ్చువరకు పనివిద్యను ఆపరాదు.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలోనే పరీక్షింపవచ్చును. బ్యాటరీ, బల్బు, స్విచ్చి కలుపు విధమును ఒక జట్టునకు వ్రాసి ఇండు. వేరొక జట్టునకు మాటలాడక చేసి చూపుడు. పిమ్మట ఇరువురిచేతను దీపము వెలిగింపజేయుడు. పరీక్ష వ్రాతలో వెనుకబడిన విద్యార్థి ఎవడు ముందు వెలిగించునో గమనింపుడు.