మేం కొనబోయిన ప్లాటు ఓరుగల్లు అగడ్తలో ఉంది

ఫోన్ ఎలాగూ చేతిలోనే ఉంది కాబట్టి ఓ పని చేయండి. మ్యాప్స్‌లో 'ఖిలా వరంగల్' అని కొట్టి, శాటిలైట్ వ్యూ పెట్టి, కొంచెం జూమ్ ఔట్ చేయండి. ఇళ్లు, పొలాలు, రోడ్ల మధ్య రెండు గుండ్రాలు కనిపిస్తాయి. ఒకదాని చుట్టూ ఒకటి, ఎవరో కూర్చుని గీసినట్టు. లోపలిది రాతికోట. ఈ చివర నుంచి ఆ చివరకు సుమారు 1.2 కిలోమీటర్లు. బయటిది మట్టికోట. దానికి రెట్టింపు, అంటే దాదాపు 2.4 కిలోమీటర్లు.

ఆ బయటి గుండ్రాన్ని ఆనుకునే 2023 మే నెలలో మా బాపు 200 గజాల ప్లాటు మాట్లాడాడు. నా పేరు మీద.

నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. ఉద్యోగంలో చేరి ఐదేళ్లయినా పేరు మీద గజం జాగ లేకపోవడం మా చుట్టాల్లో చిన్న తప్పేం కాదు. సంబంధం చూద్దామని వచ్చినవాళ్లు జీతం ఎంతని అడిగిన మరుక్షణమే "పోరనికి ప్లాటు ఉన్నదా?" అంటారు. అందుకే ఏజెంట్ "స్టేషన్‌కు దగ్గర, కోట వ్యూ, ఎల్‌ఆర్‌ఎస్ అయితది సార్" అనగానే బాపు 50 వేలు టోకెన్ ఇచ్చేసి, ఆ తర్వాత నాకు ఫోన్ చేశాడు. లొకేషన్ వాట్సాప్‌లో వచ్చింది.

శుక్రవారం సాయంత్రం శాతవాహనలో కూర్చుని, టైంపాస్‌కి ఆ లొకేషన్‌ని గూగుల్ ఎర్త్‌లో పెట్టి చూశాను. అందులో పాత సంవత్సరాల ఫొటోలు కూడా కనిపిస్తాయి కదా, వెనక్కి జరుపుతూ పోయాను. ఇప్పటి ఫొటోలో ఎర్రమట్టి, తెల్లటి హద్దురాళ్లు. పాత ఫొటోల్లో అక్కడే పచ్చగా, నల్లగా ఓ వంకర పట్టీ. ఆ పట్టీని వేలితో పట్టుకుని పోతే మట్టికోట చుట్టూ తిరుగుతోంది. రైలు కాజీపేట దాటే లోపు ఆ వంపు ఏంటో ఓ అనుమానం వచ్చింది గానీ, బాపుకు చెప్పే ధైర్యం రాలేదు.

మా పెద్దబాపు రాతికోట లోపలే ఉంటాడు. టూరిస్టులు టికెట్ కొని చూసే కీర్తి తోరణాలకు దగ్గర్లోనే పెంకుటిల్లు. చాలామంది కోట అంటే పాడుబడ్డ రాళ్లే అనుకుంటారు. లోపల ఊరు ఉంది. బడి ఉంది, కిరాణా దుకాణాలు ఉన్నాయి, బతుకమ్మ ఆడతారు, వరి కోస్తారు. రోడ్డు కోట గుమ్మాల్లోంచే పోతుంది, ఆటోలు హారన్ కొట్టుకుంటూ ఆ మలుపుల్లో తిరుగుతాయి. ఆ గుమ్మాలు తిన్నగా ఉండవు. లోపలికి రావాలంటే గోడల మధ్య వంకర తిరగాలి. శత్రువు ఏనుగుతో పరుగెత్తుకొచ్చి తలుపు గుద్దకుండా చేసిన ఏర్పాటు అది. ఇప్పుడు స్పీడ్ బ్రేకర్ పని కూడా చేస్తోంది.

పెద్దబాపుకు ఫోన్‌లో లొకేషన్ చూపించాను. అద్దాలు పైకి నెట్టుకుని చూశాడు.

"గిది తూర్పు దిక్కు తాటిచెట్లు దాటినంక ఉంటది గదా?"

"అవును."

"అరేయ్, గది అగడ్త రా. మేం చిన్నగున్నప్పుడు బర్లను గాడనే కడిగేటోళ్లం. మీ బాపు సుత ఈత గాడనే నేర్చిండు. మర్చిపోయిండా?"

మర్చిపోలేదు. అగడ్త పూడ్చేశారు కాబట్టి అది ఇప్పుడు అగడ్త కాదనుకున్నాడు. ఈ రెండింటికీ తేడా ఉంది.

ఓరుగల్లు అంటే ఒంటిరాయి. సంస్కృతంలో ఏకశిలానగరం. కోట లోపల పెద్ద గ్రానైట్ గుట్ట ఒకటి ఉంది, పేరు దాన్నుంచే. ఎక్కడం పది నిమిషాల పని. పైకెక్కి చూస్తే ఈ ఊరు ఇక్కడే ఎందుకు పుట్టిందో కొంత తెలుస్తుంది. చుట్టూ దక్కన్ పీఠభూమి, అక్కడక్కడ పెద్ద బండలు, మధ్యలో పల్లం. పక్కన పెద్ద నది లేదు, గోదావరి చాలా దూరం. నీళ్లంటే ఆ నాలుగు నెలల వానే. అది పల్లానికి దిగేటప్పుడు ఆపుకోవాలి, లేదంటే వేసవిలో గొంతు ఎండుతుంది.

కాకతీయులు మొదట హనుమకొండ నుంచి ఏలారు. గణపతిదేవుడు (1199–1262) రాజధానిని ఈ ఒంటిరాయి దగ్గరికి తెచ్చాడు. ఆయన కూతురు రుద్రమదేవి (1262–1289) గోడల్ని ఎత్తు పెంచి గట్టి చేసింది. పాకాల, రామప్ప చెరువులు కూడా గణపతిదేవుడి కాలానివే. కోట కట్టించినవాళ్లు, చెరువులు తవ్వించినవాళ్లు వేరు వేరు కాదు. రాతికోటకు 45 బురుజులు. సున్నం లేకుండా పెద్ద పెద్ద గ్రానైట్ రాళ్లను ఒకదానిపై ఒకటి పేర్చారు. లోపలి వైపు గోడ పొడవునా మెట్లు. క్రికెట్ స్టేడియం గుర్తొస్తుంది. సైనికులు ఎక్కడున్నా అక్కణ్నుంచే పైకి ఎక్కొచ్చు.

నాకు మాత్రం రాతికోట కంటే మట్టికోటే ఎక్కువ ఇష్టం. దాని ఇంజినీరింగ్ సింపుల్. గుండ్రంగా కందకం తవ్వు, తవ్విన మట్టిని లోపలి వైపు పొయ్యి, గట్టిగా దట్టించు. గొయ్యి అగడ్త అయింది, కుప్ప గోడ అయింది. మట్టిని బయటి నుంచి తేవాల్సిన పని లేదు. వీటికి అవతల ఇంకో మట్టిగోడ కూడా ఉండేది. 12.5 కిలోమీటర్ల వ్యాసంతో, హనుమకొండను కూడా లోపలేసుకుని. అది ఇప్పుడు ముక్కలు ముక్కలుగా మిగిలింది. దాన్ని రోజూ దాటుతున్నా మనకు తెలియదు.

ఈ మట్టిగోడ గురించి మెచ్చుకుంటూ రాసినవాడు మనవాడు కాదు. 1310లో ఢిల్లీ నుంచి మాలిక్ కాఫూర్ దండెత్తి వచ్చిన ముచ్చటను అమీర్ ఖుస్రో పర్షియన్‌లో రాశాడు. కాఫూర్ హనుమకొండ గుట్ట ఎక్కి ఊరంతా చూశాడట. మట్టికోట ఎంత గట్టిదంటే ఉక్కు ఈటె కూడా దిగదని, రాయి విసిరితే వెనక్కి తుళ్లుతుందని ఖుస్రో రాశాడు. కవి కదా, కొంత పెంచే ఉంటాడు. అయినా ఢిల్లీ సైన్యానికి ఇక్కడ వారాలు పట్టింది. చివరికి వాళ్లు చేసిన పని ఏంటంటే, అగడ్తను పూడ్చి గోడ మీదికి దారి చేసుకున్నారు. మట్టికోట పోయింది. సైన్యం రాతికోట అగడ్త దాకా వచ్చాక ప్రతాపరుద్రుడు సంధికి ఒప్పుకుని ఏనుగులు, గుర్రాలు, ధనం ఇచ్చాడు. కోహినూర్ ముచ్చట కోసం రీల్స్ ఉన్నాయి, నన్ను అడగకండి. 1323లో ఉలుగ్ ఖాన్ చేతిలో ఓరుగల్లు పూర్తిగా ఓడింది. పేరు సుల్తాన్‌పూర్ అయింది, మధ్యలోని స్వయంభూ శివాలయం కూలింది. నాలుగు దిక్కులా నాలుగు తోరణాలు మాత్రం నిలబడ్డాయి. తెలంగాణ రాజముద్రలో ఉన్నది ఆ తోరణమే.

ఏడు వందల ఏళ్ల కింద అగడ్తను పూడ్చడానికి ఓ సైన్యం కావాల్సి వచ్చింది. మా వెంచర్‌కి మాత్రం టిప్పర్లతో మొరం కొట్టిస్తే సరిపోయింది.

ఇక్కడ ఓ చిన్న పక్కదారి. అంతకుముందు ఏడాది కంపెనీ పని మీద మ్యూనిక్‌లో మూడు నెలలున్నాను. ఓ వీకెండ్ టీమ్‌వాళ్లతో ఆల్ప్స్ దాటి ఇటలీలో గ్లూర్న్స్ అనే ఊరికి వెళ్లాం. ఊరంటే సుమారు 900 మంది. చుట్టూ మంచు కొండలు, పక్కనే ఆదిజే నది, ఊరి చుట్టూ తెగిపోని గోడ. మూడు గుమ్మాలు. ఏ గుమ్మంలోంచి ఏ ఊరికి పోతామో దానికి ఆ ఊరి పేరే. 1499 యుద్ధంలో ఊరు తగలబడితే, మాక్సిమిలియన్ చక్రవర్తి మళ్లీ గోడ కట్టించడం మొదలుపెట్టాడు. నేను ఫొటోలు తీసుకుంటుంటే మా టీమ్ లీడ్ "మీ దేశంలో ఇలాంటివి ఉంటాయా?" అన్నాడు. మా పెద్దబాపు ఇలాంటి గోడ లోపలే పుట్టాడని చెబితే నమ్మలేదు. గ్లూర్న్స్ కంటే రెండొందల ఏళ్లు పాతదని చెప్పాక గూగుల్ చేసుకున్నాడు.

అక్కడ నన్ను ఆపింది గోడ కాదు, గోడ బయట. గుమ్మం దాటగానే పచ్చిక. ఇళ్లు గోడకు అంటుకుని మొలవలేదు.

మళ్లీ మన ఊరికొద్దాం. బాపుకు చెప్పాను. శాటిలైట్ ఫొటోలు పక్కపక్కన పెట్టి చూపించాను. "గిట్ల చూసుకుంట పోతే వరంగల్ల ఎవడు ఇల్లు కట్టడు" అన్నాడు. అదీ నిజమే. టోకెన్ తిరిగి రాదని ఏజెంట్ ముందే చెప్పాడు. రెండు నెలలు ఇంట్లో ఈ విషయం మీద మాటల్లేవు. అమ్మ మధ్యలో నలిగిపోయింది. "50 వేల కోసం 20 లక్షలు నీళ్లల్ల పోస్తమా?" అని ఓసారి నా వైపు, "పెద్దమనిషి మాట పోతది గదరా" అని ఓసారి బాపు వైపు.

జూలై చివరి వారంలో వాన పట్టింది. 2023 జూలై 27 ఉదయానికి ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్లు కురిసింది. తెలంగాణలో అంతకుముందెన్నడూ లేనంత. వరంగల్‌లో కాలనీలకు కాలనీలు మునిగాయి, రెండు రోజులకు భద్రకాళి చెరువు కట్టకు గండి పడింది. మా ఇంటి గేటు దాకా వచ్చి ఆగాయి నీళ్లు. ముప్ఫై మొదటి తారీఖున వాన తెరిపిచ్చాక నేనూ బాపూ బండి మీద వెంచర్ దగ్గరికి వెళ్లాం.

హద్దురాళ్లు కనిపించలేదు. ఎర్రటి నీళ్లు, ఓ చివర వంపు తిరిగి మట్టికోట పక్కగా పోతున్నాయి. శాటిలైట్ ఫొటోలో నా వేలు పోయిన దారినే. రెండు బర్రెలు మెడల దాకా మునిగి హాయిగా ఉన్నాయి. బాపు బండి దిగలేదు. చాలాసేపు చూసి, "గా మూలకు లోతు ఎక్కువుండె" అన్నాడు.

వెనక్కి వచ్చేటప్పుడు పెద్దబాపు ఇంటి దగ్గర ఆగాం. ఆయన బాధ ఇంకోటి. పిట్టగోడ పక్కన ఓ గది వేసుకుందామంటే కుదరదు. రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషేధం, ఆపైన 200 మీటర్లు అనుమతి ఉంటేనే. 2010లో చట్టం ఇంకా గట్టిపడింది. చట్టం తప్పని నేననను. ఆ నిబంధనే లేకపోతే ఈపాటికి బురుజుల మీద సెల్ టవర్లు ఉండేవి. కానీ తరతరాలుగా లోపల ఉన్న మనిషి బాత్రూమ్‌కి కాగితాలు పట్టుకుని తిరుగుతుంటే, బయట అగడ్తలో రాత్రికి రాత్రే రోడ్లు పడటం చూసి ఆయనకు కడుపు మండుతుంది. నాకూ మండింది. లోపలివాళ్లకు ఇంటి మరమ్మతులకు సులువైన దారి, బయట మిగిలిన అగడ్తకు హద్దులు. ఈ రెండూ చేయడానికి కొత్త టెక్నాలజీ అక్కర్లేదు. గీత ఎక్కడుందో ఫోన్లోనే కనిపిస్తోంది.

ప్లాటు వదిలేశాం. 50 వేలు పోయాయి. బాపు దాన్ని ఇప్పటికీ "నీ పెండ్లి ఖర్చుల్ల రాసిన" అంటాడు.

పోయిన నెల అదే ఏజెంట్ నాకు ఫోన్ చేశాడు. పాత సంగతి మనసులో పెట్టుకోవద్దని, ఈసారి నీళ్ల సమస్యే లేని ప్లాటు ఉందని.

"ఎక్కడన్నా?"

"అదే వెంచర్ పక్కన. మస్తు ఎత్తు మీద ఉంటది. పొడుగు గడ్డ లెక్క ఉంటది సూడు, దాన్ని సాపు చేపిస్తున్నం."