‘చిక్కిపోయావ్’ అన్న మాట ఎప్పుడు పొగడ్త అయింది?

బెంగాలీలో సన్నగా ఉన్నవారిని ‘రోగా’ అంటారు. తెలుగు చెవికి అది రోగంలాగే వినిపిస్తుంది. ఖరగ్‌పూర్ రైల్వే కాలనీల్లో ఈ రెండు భాషలూ పక్కపక్క క్వార్టర్లలో ఉంటాయి. పిల్ల చిక్కిపోతే ఇటు అమ్మమ్మ, అటు బెంగాలీ దిదిమా ఒకేలా కంగారుపడటం పాత అలవాటు. ఇప్పుడు అదే పిల్లకు ‘ఎంత స్లిమ్ అయ్యావే’ అన్నది కితాబు.

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలంలో పనికోసం ఇక్కడికి వచ్చిన తెలుగువారి మనవలు, మునిమనవలు నింపురా, మథురాకాటి లాంటి చోట్ల పెరుగుతున్నారు. 2020 డిసెంబరులో తెలుగుకు అధికార భాష హోదా ఇచ్చేందుకు పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం ఆమోదం తెలిపింది. అయినా బడిలో తెలుగు చదవని పిల్లలకు ఆ భాష ఎక్కువగా అందేది సినిమా, సీరియల్, రీల్స్ నుంచే. భాషను తెచ్చే తెరే హీరోయిన్ నడుము కొలతనూ తెస్తోంది. పైగా ఈ పిల్లలు హిందీ, బెంగాలీ తెరలూ చూస్తారు. భాషలు మూడైనా కొలత మాత్రం ఒకటే.

తెర ఇంత పని చేస్తుందా అన్న అనుమానానికి ఫిజీలో కొంత సమాధానం దొరికింది. అక్కడి నద్రోగా ప్రాంతానికి 1995లో టీవీ వచ్చింది. ఒళ్లు చేసి ఉండటమే ఆరోగ్యం అనుకునే సమాజం అది. హార్వర్డ్ పరిశోధకురాలు ఆన్ బెకర్ బృందం టీవీ వచ్చిన కొత్తలో ఒకసారి, 1998లో మరోసారి అక్కడి ఫిజియన్ బాలికలను ప్రశ్నించింది. బరువు తగ్గడానికి కావాలని వాంతి చేసుకునేవారు మొదట ఒక్కరూ లేరు. మూడేళ్లకు 11.3 శాతం మంది అలా చేస్తున్నట్టు చెప్పారు. తాము లావుగా ఉన్నామని ఎప్పుడైనా అనిపించిందన్నవారు 74 శాతం. సర్వే చిన్నది, టీవీ ఒక్కటే కారణమని అది రుజువు చేయలేదు. కానీ ఆ అమ్మాయిలకు తెరమీది సన్నదనంలో అందం ఒక్కటే కాదు, ఉద్యోగం, హోదా కూడా కనిపించాయి. రైల్వే ఉద్యోగాల చుట్టూ పెరిగిన ఊరికి ఈ లెక్క వేరే చెప్పక్కర్లేదు.

టీవీలో పోలిక తారతో. ఫోన్‌లో పక్కింటి అమ్మాయితో, అదీ ఫిల్టర్ వేసిన ముఖంతో. తమ శరీరం మీద అప్పటికే అసంతృప్తి ఉన్న టీనేజ్ అమ్మాయిల్లో 32 శాతం మంది ఇన్‌స్టాగ్రామ్ వల్ల అది ఇంకా పెరిగిందన్నారని ఆ సంస్థ సొంత పరిశోధనే తేల్చింది. 2021లో వాల్‌స్ట్రీట్ జర్నల్ ఆ పత్రాలను బయటపెట్టింది. అబ్బాయిలూ మినహాయింపు కాదు, వాళ్ల బెంగ కండల గురించి.

తెలుగు సినిమా దీన్ని ప్రశ్నించకపోలేదు. 2015లో వచ్చిన ‘సైజ్ జీరో’ బరువు తగ్గించే క్లినిక్‌ల మోజు మీద తీసిన సినిమా. విచిత్రమేమంటే, దాని ప్రచారంలో ఎక్కువగా నలిగిన విషయం అనుష్క ఎన్ని కిలోలు పెరిగింది అన్నదే.

డైటింగ్ చేసే ప్రతి ఒక్కరికీ ఈటింగ్ డిజార్డర్ ఉన్నట్టు కాదు. తిండి గురించిన భయం రోజునంతా ఆక్రమించినప్పుడు అది జబ్బు. అనోరెక్సియాలో తిండి మానేస్తారు. బులీమియాలో అదుపు లేకుండా తిని, వాంతి చేసుకునో విరేచనాల మాత్రలు వేసుకునో వదిలించుకుంటారు. ఈ రెండోవారి బరువు మామూలుగానే ఉండొచ్చు కాబట్టి ఇంట్లో ఎవరూ పసిగట్టరు. పదేపదే వాంతుల వల్ల పొటాషియం పడిపోయి గుండె లయ తప్పే ప్రమాదం ఉంది.

మన ఇళ్లలో దాచుకోవడానికి సాకులు చాలా. గ్యాస్, ఉపవాసం, ఆకలి లేదు, ఫ్రెండ్ ఇంట్లో తిన్నాను. హాంకాంగ్ మానసిక వైద్యుడు సింగ్ లీ గతంలో చూసిన అనోరెక్సియా రోగుల్లో చాలామంది లావవుతామన్న భయం మాటే ఎత్తలేదు, కడుపు ఉబ్బరం అన్నారు. అందుకే తూకం కన్నా ముందు అలవాట్లను గమనించాలి: తిన్న వెంటనే బాత్‌రూమ్‌కి వెళ్లడం, నలుగురితో కూర్చుని తినకపోవడం, నెలసరి ఆగిపోవడం, కళ్లు తిరగడం.

స్పృహ తప్పినా, గుండె దడ వచ్చినా ముందు ఆసుపత్రికే తీసుకెళ్లాలి. మాట్లాడటానికి కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416 ఉంది. కాల్ ఉచితం. భాష ఎంచుకోవచ్చు, తెలుగు ఉంది, బెంగాలీ కూడా ఉంది.